ఒక వరుస అనగా ఏమి? : నోషన్ డేటాబేస్‌ను గూర్చి

శంషాబాదు విమానాశ్రయమునకు చుట్టములను పిలుచుకొని వచ్చుటకై వెళ్ళినవారు బయట గుమికూడి, మెడలు నిక్కించి ఒక తెర వైపు చూచుచుందురు. ఏ విమానము ఎప్పుడు దిగును, ఎంత ఆలస్యము, అను సంగతి అందులో కనబడును. అదే వేళకు లోపల సామాను తిరుగుచు వచ్చు పట్టా దగ్గర మరియొక తెర కలదు. ఏ విమానపు పెట్టెలు ఏ పట్టాపైకి వచ్చునో అది చెప్పి ఊరకుండును. పై అంతస్తులో ప్రయాణమునకు సిద్ధమైనవారి ముందు వేరొక తెర. ఢిల్లీనుండి రావలసిన విమానము నలుబది నిమిషములు ఆలస్యమై, అదే విమానము తిరిగి మరియొక ఊరికి పోవలసియున్నచో, ఈ తెరలన్నియు ఇంచుమించుగా ఒకేసారి మారును. మన బస్‌స్టాండులలో ఒకప్పుడు చేసినట్లు, ఎవరో మూడుచోట్లకు పరుగెత్తి సుద్దముక్కతో మూడు పలకలను దిద్దుట లేదు.

ఈ తెరల వెనుకనున్న నిధి ఒక్కటే. విమానాశ్రయముల వాడుకలో దానిని ఎయిర్‌పోర్ట్ ఆపరేషనల్ డేటాబేస్ అందురు. విమానము రాకను గూర్చిన సంగతి అందులో ఒక్కచోట నమోదగును. ఒక్కొక్క తెర ఆ నమోదులోనుండి తనకు కావలసినంత మాత్రము తీసికొని చూపును. డేటాబేస్ అనగా ఇంతియే: దత్తాంశములను, అనగా వివరములను, ఒక క్రమమున ఒకచోట నిలువచేసి, కావలసినవారు కావలసిన రీతిగా చూచుకొనుటకు వీలుగా నుంచిన నిధి.

ఇట్టి నిధిని ఏర్పరచుట చాలకాలము పెద్ద సంస్థలకే చెల్లినది. నేడు చేతిలో ఫోనున్న పదవ తరగతి విద్యార్థి దమ్మిడీ ఖర్చులేక తనకొక డేటాబేస్‌ను కల్పించుకొనవచ్చును. అందుకు తోడ్పడు సాధనములలో నోషన్ అనునది ఒకటి. శాన్‌ఫ్రాన్సిస్కో నగరములో ఐవాన్ జావో, సైమన్ లాస్ట్ అనువారు దీనిని స్థాపించిన వారిలోనివారు. నోట్సు వ్రాసికొనుటకు ఉపయోగపడు మొదటి రూపు 2016లో వెలువడగా, పట్టికలు చేర్చిన రెండవ రూపు 2018లో వచ్చినది. మా కళాశాల శంషాబాదు పరిసరములలోనిది. పాఠము మధ్యలో విమానము తలమీదుగా పోయినప్పుడు అర నిమిషము ఆగుట మాకందరకును అలవాటు. మా విద్యార్థులలో పలువురు పరీక్షల ప్రణాళిక మొదలు క్రికెట్ స్కోర్లవరకు నోషన్‌లో వ్రాయుచున్నారు. నేనును రెండేండ్లుగా భౌతికశాస్త్ర ప్రయోగశాల లెక్కలను అందులోనే నడుపుచున్నాను. క్రొత్తవారికి ఇది ఎట్టి గురువు అను ప్రశ్నను ఇచ్చట విచారింతును.

మొదలుపెట్టుటకు కష్టమేమియు లేదు. ఒక పుట తెరచి, ఏటవాలు గీతను నొక్కి, టేబుల్ వ్యూ అను మాటను ఎన్నుకొన్నచో పట్టిక సిద్ధమగును. మొదటి నిలువు వరుసకు పేరు అను శీర్షిక అదే పెట్టును. తక్కిన నిలువు వరుసలను మనము చేర్చుకొనవలెను. వీటిని నోషన్ ప్రాపర్టీలనును; మనము లక్షణములందము. ప్రతి లక్షణమునకు ఒక జాతి కలదు. ఇది సంఖ్య, ఇది తేది, ఇది అవునా కాదా అని టిక్కు పెట్టునది, ఇది ముందే ఇచ్చిన మాటలలోనుండి ఒకదానిని ఎన్నుకొనునది, అని మొదటనే చెప్పవలెను. సంఖ్యల వరుసలో “పన్నెండు” అని అక్షరములలో వ్రాసినచో అది నిలువదు. ఈ నిర్బంధము మొదట విసుగు పుట్టించినను మేలైనది. కాగితపు రిజిస్టరులో “12”, “డజను”, “12, ఒకటి విరిగినది” అని మూడు విధముల వ్రాసినవానిని ఎవరు కూడగలరు?

నోషన్‌కు నిజమైన ఘనత మరియొకచోట ఉన్నది. ఇందులో ప్రతి అడ్డువరుసయు తనంతట తానొక పుట. ఎక్సెల్ వంటి లెక్కల పట్టికలో గడి చిన్నది. అందులో ఒక మాటయో ఒక అంకెయో పట్టును. ఇచ్చట వరుసను తాకినచో దాని వెనుక తెల్లని పుట తెరచుకొనును. ఆ పుటలో వస్తువు ఫొటో, మరమ్మతు బిల్లు, ప్రయోగము చేసినవారు కనిపెట్టిన సంగతులు, ఎంత పొడవైనను వ్రాయవచ్చును. పట్టికకుండు క్రమము, నోటుపుస్తకమునకుండు స్వేచ్ఛ ఒకేచోట కలిసినవి. ఈ ఒక్క కారణముననే దీనిని ఉపాధ్యాయులు పరీక్షించి చూడదగును.

ఇక దోషములకు వత్తము. మొదటి దోషము నోషన్ చేసినది కాదు, చేయనిది. పట్టికను చేతికిచ్చునప్పుడు అది అడుగవలసిన ప్రశ్న ఒకటి కలదు. దానిని అది అడుగదు. నీ పట్టికలో ఒక అడ్డువరుస అనగా ఏమి?

ఉదాహరణము చెప్పెదను. మా ప్రయోగశాలలో 12 స్క్రూగేజీలున్నవి. పాత స్టాకు రిజిస్టరులో “స్క్రూగేజీలు” అని ఒక వరుస, దాని ఎదుట 12 అను సంఖ్య. నేను ఆ రిజిస్టరును ఉన్నదున్నట్లు నోషన్‌లోనికి ఎక్కించితిని. వారము తిరుగకముందే ఒకదాని మర బిగిసిపోయినది. మరమ్మతునకు పంపిన తేదిని ఎచ్చట వ్రాయవలెను? వరుస ఒక్కటే, తేది గడి ఒక్కటే. “12లో ఒకటి మరమ్మతునందు” అని పేరు ప్రక్కన వ్రాసితిని. తరువాత మరియొకటి పోయినది. మరల దిద్దితిని. నెల తిరుగునప్పటికి ఆ గడి చిన్న కథవలె తయారైనది.

దీనికంటె పెద్ద చిక్కు శూన్యాంశ దోషముతో వచ్చినది. స్క్రూగేజిలో రెండు మొనలను కలిపినప్పుడు తలస్కేలుపై సున్న ఎదురుగా రాకున్నచో, ఆ తేడాను ప్రతి కొలతలోను సవరించుకొనవలెనని తొమ్మిదవ తరగతి వారికిని తెలియును. ఈ తేడా పరికరముల జాతికి సంబంధించినది కాదు. ఒక్కొక్క పరికరమునకు ఒక్కొక్క విధము. 12 స్క్రూగేజీలకు 12 శూన్యాంశ దోషములు. “స్క్రూగేజీలు” అను ఒక్క వరుసలో వాటికి తావెక్కడిది? కనుక నాకు కావలసిన అడ్డువరుస “స్క్రూగేజి” అను రకము కాదు. ఇదిగో, ఈ చేతిలోనున్న ఒకానొక స్క్రూగేజి. పట్టికను చెరిపి 12 వరుసలు వ్రాసితిని. ఒక్కొక్కదానికి సంఖ్య, శూన్యాంశ దోషము, ఎప్పుడు చూచినది, ఎచ్చట ఉన్నది అను లక్షణములు చేర్చితిని. చిక్కంతయు విడిపోయినది.

ఐతే గాజు పరీక్షనాళికల మాటేమి? అవి 200 ఉన్నవి. వాటిలో ఒకదానికిని రెండవదానికిని తేడా మనకు అక్కరలేదు. వాటికి ఒకే వరుస, ఎదుట 200 అను సంఖ్య చాలును. ఏది వ్యక్తి, ఏది రాశి అను విచక్షణ యంత్రమునకు లేదు. ప్రయోగశాలలో పనిచేయువానికే ఉండవలెను. నోషన్‌ను నేర్పు పాఠములలో ఎక్కువభాగము పుట నెత్తిన బొమ్మ ఎట్లు పెట్టవలెను, రంగులెట్లు మార్చవలెను అను దానితో మొదలగుచున్నవి. ఈ విచక్షణ ఏ నాలుగవ పాఠములోనో, లేక ఎన్నడును రాదు. ఇది తలక్రిందుల బోధన అని నా అభిప్రాయము.

వరుస యేదో నిర్ణయమైన తరువాత నోషన్ తన నేర్పును చక్కగా చూపును. ఒకే పట్టికను పట్టికగాను, అట్టల వరుసలుగాను, పంచాంగముగాను, బొమ్మల కొలువుగాను చూడవచ్చును. వీటిని వ్యూలందురు, దృశ్యములనవచ్చును. మరమ్మతునందున్న పరికరములు మాత్రమే ఒక దృశ్యములో, వచ్చే నెల పరీక్షింపవలసినవి తేదీల వారీగా మరియొక దృశ్యములో. ఒకచోట దిద్దినచో అన్నిచోట్లను దిద్దబడును, విమానాశ్రయపు తెరలవలెనే. పెద్ద గ్రంథాలయములలో ఒకే పుస్తకమునకు రచయిత పేర ఒక కార్డు, గ్రంథము పేర ఒక కార్డు, విషయము పేర ఒక కార్డు ఉండుట కొందరు పాఠకులెరుగుదురు. వెదకువానికి ఎటునుండి వచ్చినను దారి దొరకవలెనను ఆలోచన అప్పుడును ఉన్నది. కాని ఆ కార్డులు మూడును మూడు ప్రతులు. రచయిత పేరులో తప్పు దొరలినచో మూడింటిని వెదకి దిద్దవలెను. ఒకటి మరచినచో గ్రంథాలయమే రెండు మాటలు చెప్పినట్లగును.

క్రొత్తవారు ఇచ్చట చేయు పొరపాటు ఒకటి ఉన్నది. మన బడులలో తరగతికొక రిజిస్టరు. ఆ అలవాటుచొప్పున వారు ఎనిమిదికి ఒక డేటాబేస్, తొమ్మిదికి ఒకటి, పదికి ఒకటి కట్టుదురు. ఏడాది తిరిగి పిల్లలు పై తరగతికి పోగానే వరుసలన్నిటిని మోయవలసివచ్చును. పట్టిక ఒక్కటే ఉంచి, తరగతి అను లక్షణమును చేర్చి, తరగతికొక దృశ్యము పెట్టినచో సరిపోవును. పదవ తరగతి దృశ్యములో క్రొత్త పేరు చేర్చినచో తరగతి గడిలో పది అని దానంతటదే పడును. మరియొక హెచ్చరిక: దృశ్యములోనుండి వరుసను తొలగించినచో అది ఆ దృశ్యమునుండి మాత్రమే పోవుననుకొనరాదు, పట్టికనుండియే పోవును. చెత్తబుట్టలో 30 దినములుండును గనుక వెంటనే గుర్తించినవాడు తిరిగి తెచ్చుకొనవచ్చును.

ఒక పట్టిక చాలనప్పుడేమి చేయవలెను? దీనికి సమాధానము 1970లో వచ్చినది. కాలిఫోర్నియాలోని సాన్‌హోజేలో ఐ.బి.ఎమ్. పరిశోధనాలయమున పనిచేయుచున్న ఎడ్గార్ కాడ్ అను గణితశాస్త్రజ్ఞుడు ఆ సంవత్సరమొక వ్యాసము ప్రకటించెను. ఆయన ఇంగ్లండులో పుట్టినవాడు. రెండవ ప్రపంచయుద్ధములో విమానము నడిపినవాడు. అంతకు పూర్వము పెద్ద యంత్రములలో ఒక వివరము కావలెనన్న అది ఏ కొమ్మనుండి ఏ కొమ్మకు వ్రేలాడుచున్నదో తెలిసినవాడే తీయగలిగెడివాడు. వివరములను సాదా పట్టికలుగా ఉంచుదము, పట్టికలమధ్య సంబంధమును గణితము చూచుకొనును, నిలువచేసిన తీరుతో వాడువానికి పని లేకుండవలెను, అని కాడ్ చూపించెను. 1981లో ఆయనకు ట్యూరింగ్ బహుమానము లభించినది. నేటి బ్యాంకులు, రైల్వేలు, విమాన సంస్థలు నడుచుట చాలవరకు ఆ భావము మీదనే.

ఒక గడిలో ఒకే వివరముండవలెనన్నది ఆ పద్ధతిలోని మొదటి నియమము. నోషన్ దీనిని సడలించినది. మల్టీసెలెక్ట్ అను లక్షణములో ఒకే గడియందు ఎన్ని చీటీలైనను అంటింపవచ్చును. నేనును మొదట ప్రతి స్క్రూగేజి ఎదుట, అది ఏ ప్రయోగములకు వాడబడునో చీటీలుగా అంటించితిని: తీగ వ్యాసము, యంగ్ గుణకము, మీటర్ బ్రిడ్జితో విశిష్ట నిరోధము. చూచుటకు ముచ్చటగానే ఉన్నది. కాని యంగ్ గుణకపు ప్రయోగమును ఏ వారము చేయింపవలెను, దానికి ఇంకేమి పరికరములు కావలెను అని వ్రాయబోగా చీటీకి వెనుక చోటు లేదు. చీటీ ఒక మాట మాత్రమే. ప్రయోగము ఒక విషయము. తనకంటూ వివరములు గల దేనినైనను చీటీగా ఉంచరాదు, దానికొక పట్టిక కావలెను.

కనుక ప్రయోగముల పట్టిక వేరుగా కట్టి, పరికరముల పట్టికతో రిలేషన్ అను లక్షణముద్వారా ముడివేసితిని. ఒక స్క్రూగేజి పలు ప్రయోగములకు వచ్చును. ఒక ప్రయోగమునకు పలు పరికరములు కావలెను. ఈ రెండువైపుల బహుత్వమును కాగితముపై నిలుపుట ఎంత కష్టమో టైంటేబుల్ వేసిన ప్రతి ఉపాధ్యాయునికిని తెలియును. నోషన్‌లో ముడి ఒకవైపున వేయుచు, రెండవవైపునను చూపుమని కోరినచో రెండు పట్టికలలోను కనబడును. రోలప్ అను మరియొక లక్షణముచేత, ఈ వారపు ప్రయోగమునకు కావలసిన పరికరములలో ఎన్ని మరమ్మతునందున్నవో లెక్కతీయవచ్చును. సోమవారము పిల్లలు వచ్చి నిలుచుండిన తరువాత కాక, శుక్రవారముననే ఆ సంగతి తెలియుట చిన్న మేలు కాదు.

ఇంతవరకు సరియే. కాని ముడివేయునప్పుడు ఏ వరుసకు వేయుచున్నామో నిస్సందేహముగా తెలియవలెను గదా. ఇచ్చట నోషన్ చేతులెత్తును. నా మట్టుకు దీనియందలి పెద్ద లోపమిదియే.

గడచిన సంవత్సరము మా తరగతిలో ఇద్దరు విద్యార్థినుల పేరొకటే. ఇంటిపేరు సయితము ఒకటే. నేను విద్యార్థుల పట్టికలో పేర్లు వ్రాసి, ప్రయోగ నివేదికల పట్టికను దానితో ముడివేసితిని. నివేదిక ఎదుట పేరును ఎన్నుకొనుటకు నొక్కినప్పుడు ఒకే పేరు రెండుమార్లు కనబడినది. ఒకదానిని ఎన్నుకొంటిని. ఇంటర్నల్ మార్కులు పంపవలసిన గడువునకు ముందురోజు జాబితాను తలుపుకు అంటించితిమి. సాయంకాలము ఒక అమ్మాయి వచ్చి, “సార్, నేను చేసింది మీటర్ బ్రిడ్జి కదండీ, ఇక్కడ యంగ్ గుణకం అని పడిందేమండి?” అని అడిగినది. ఒకతె మార్కులు మరియొకతె లెక్కలో చేరియున్నవి. ఆమె చూచుకొనకపోయినచో అట్లే పోయియుండెడివి. తప్పు నాది, సందేహము లేదు. కాని ఒక పట్టికలో రెండు వరుసలు ఒకే గుర్తుతో ఉండుటను చూచియు యంత్రము నోరు మెదపలేదు.

పెద్ద డేటాబేస్‌లలో ఇట్లు జరుగనీయరు. ప్రతి పట్టికకు ఒక కీ ఉండవలెను. అనగా ఒక వరుసను ఒక్కదానినే పట్టియిచ్చు గుర్తు. హాల్‌టికెట్ నంబరు అట్టిది. ఒకసారి వాడిన నంబరును రెండవమారు వ్రాయబోయినచో యంత్రమే నిరాకరించును. నోషన్‌లో ఈ నిరాకరణము లేదు. వరుసలకు తానే సంఖ్యలు వేయు ఐ.డి. లక్షణమొకటి కలదు గాని, అది వేసిన సంఖ్యలు వేరువేరుగా ఉండుననుటయే తప్ప, మనము వ్రాసిన పేరుగాని హాల్‌టికెట్ నంబరుగాని రెండుమార్లు పడకుండ అది కాపాడదు. నాకు తోచిన ఉపాయము ఒక్కటే: మొదటి నిలువు వరుసలో పేరు వ్రాయుట మాని, హాల్‌టికెట్ నంబరును, దాని ప్రక్కనే పేరును కలిపి వ్రాయుట. చూచుటకు బాగుండదు, ఐనను ఆనాటినుండి ఎవరి మార్కులు ఎవరికిని పోలేదు.

కీ అనునది ఎంత సూక్ష్మమైన విషయమో మన విమానాశ్రయపు చరిత్రయే చెప్పును. 2008 మార్చి 23 నుండి హైదరాబాదు ప్రయాణికుల విమానములు బేగంపేటనుండి శంషాబాదునకు మారినవి. టిక్కెట్లపై వ్రాయు మూడక్షరముల గుర్తు హెచ్.వై.డి. అంతవరకు బేగంపేటది. నాటితో ఆ గుర్తు శంషాబాదునకు వచ్చినది, బేగంపేటకు బి.పి.ఎమ్. అను వేరు గుర్తు ఇచ్చినారు. విమానచోదకులు, గగనమార్గములను నియంత్రించువారు వాడు నాలుగక్షరముల గుర్తు సంగతి వేరు. బేగంపేట వి.ఓ.హెచ్.వై. గానే నిలిచినది, శంషాబాదునకు వి.ఓ.హెచ్.ఎస్. అను క్రొత్త గుర్తు పుట్టినది. ఒకే మార్పుకు రెండు వ్యవస్థలు రెండు విధముల స్పందించినవి.

ఇందు ఏది సరియైనది? రెండును సరియైనవే, ఏలయన వాటి పట్టికలలో అడ్డువరుస అనగా ఒకటి కాదు. టిక్కెట్టు అమ్మువానికి వరుస అనగా హైదరాబాదుకు పోవు రాకపోకల సౌకర్యము. ఆ సౌకర్యము స్థలము మారినను అదే. చోదకునికి వరుస అనగా ఫలానా చోట, ఫలానా దిక్కునకు పరచిన రన్‌వే గల నేల; ఆ నేల కదలలేదు, కనుక దాని గుర్తును కదపరాదు. ఇప్పుడు ఒక విద్యార్థి తన కుటుంబపు ప్రయాణములను 2007 మొదలుకొని ఒక పట్టికలో వ్రాసి, హెచ్.వై.డి. ఎదుట “శంషాబాదు” అని లక్షణము పెట్టినాడనుకొనుడు. 2007లోని ప్రయాణము తప్పుచోటనుండి బయలుదేరును. ఆటో కిరాయి లెక్కయు తప్పును! పేరును నమ్ముదమా అన్నచో సింధుదేశములో మరియొక హైదరాబాదు ఉన్నది. దాని విమానాశ్రయము గుర్తు హెచ్.డి.డి. మన నాంపల్లి స్టేషనుకు రైల్వేవారి గుర్తు హెచ్.వై.బి. ఒక్క హైదరాబాదు అను మాట వెనుక ఇన్ని వరుసలు.

ఈ విద్య మనవారికి క్రొత్తది కాదు. పట్వారీ వ్రాసిన పహాణీ పట్టికలో అడ్డువరుసకు ఆధారము సర్వే నంబరు. అన్నదమ్ములు పంచుకొనగా ఆ నంబరు ప్రక్కన అ, ఆ, ఇ అని అక్షరములు చేరును. నంబరు చూడగనే ఏ చెక్కలోనుండి ఏది చీలినదో తెలియును. విమానాశ్రయము వచ్చినతరువాత ఈ ప్రాంతమున భూమి ఎన్ని ముక్కలైనదో, ఒక అక్షరము తేడాపై ఎన్ని తగవులు నడుచునో ఇచ్చటి పిల్లలు ఇంటిలో వినుచునే ఉందురు. కీ అనగా ఏమో వారికి చెప్పవలసివచ్చినప్పుడు నేను పుస్తకము తెరువను. మీ పాసుపుస్తకము తీసికొని రండందును.

తెలుగులో వ్రాయువారికి మరియొక చిక్కు. నోషన్ మీటలపై మాటలు తెలుగులో దొరకవు. ఆంగ్లము రాని పిల్లవానికి మొదటి గడపయే ఎత్తు. గడులలో మాత్రము తెలుగు నిరాటంకముగా వ్రాయవచ్చును. కాని మనము ఊరిపేరును శంషాబాద్ అని, శంషాబాదు అని, షంషాబాద్ అని, మూడు తీరుల వ్రాయుదుము. మనుష్యునికి మూడును ఒకటే. యంత్రమునకు మూడు ఊళ్ళు. మరియొక విచిత్రము కలదు. “శంషాబాద్‌లో” అని వ్రాసినప్పుడు ద్, లో కలిసి సంయుక్తాక్షరము కాకుండుటకై రెంటిమధ్య జీరో విడ్త్ నాన్ జాయినర్ అను కంటికి కనబడని గుర్తును ఉంచుదురు. కొన్ని టైపు సాధనములు పొల్లుతో ముగియు మాటల చివరను దీనిని తామే చేర్చును. అప్పుడు కంటికి రెండును ఒకే “శంషాబాద్” గా కనబడినను, సంకేతముల లెక్కలో రెండు వేరు మాటలు. మా తరగతిలో ఊళ్ళవారీగా పిల్లలను లెక్కింపబోయి ఒకే పేరున రెండు గుంపులు వచ్చుట చూచి ఒక పూటంతయు తలపట్టుకొంటిని. ఊరిపేరు, తరగతి, పరికరపు స్థితి వంటివానిని స్వేచ్ఛగా వ్రాయనీయక, ముందే ఇచ్చిన మాటలనుండి ఎన్నుకొను సెలెక్ట్ లక్షణముగా ఉంచుట ఇందుకు మందు. ఆ జాబితాలోని మాటలను ఒక్కరే టైపు చేయవలెను.

టెంప్లేటులను గూర్చి ఒక మాట. ఇతరులు కట్టిన సిద్ధపు పట్టికలు వేలకొలది దొరకుచున్నవి. ఒక విద్యార్థి నాకు చూపిన చదువు ప్రణాళికలో 23 లక్షణములున్నవి. అతడు నింపినవి నాలుగు. తక్కినవి ఎందుకని అడుగగా, తీసివేసిన ఏమగునో అని భయమండీ, అన్నాడు. ఎవరో కట్టించుకొన్న ఇంటిలో అద్దెకు దిగినవాడు గోడకు మేకు కొట్టుటకు జంకినట్లున్నది. చూచుటకు టెంప్లేటులు మంచివి. మొదటి డేటాబేస్ మాత్రము మూడు లక్షణములతో స్వయముగా కట్టుకొన్నదై యుండవలెను.

ఇంటర్నెట్ లేనిచోట పనిచేయు వీలు 2025 ఆగస్టులో వచ్చినది, అదియు ముందుగా దించుకొన్న పుటలకు. గ్రామములలోని పాఠశాలలు ఈ సంగతి గమనింపవలెను. పట్టికను సి.ఎస్.వి. అను సాదా రూపములో బయటికి తీసికొనవచ్చును. వరుసలు దక్కును, దృశ్యములు దక్కవు. లెక్కల సూత్రములు పోయి వాటి ఫలితములు మిగులును. నేను ప్రతి పరీక్షల సెలవులలోను అట్లొక ప్రతి తీసి పెట్టెలో పెట్టుచున్నాను. పిల్లల ఆధార్ నంబర్లు, తలిదండ్రుల ఫోన్ నంబర్లు ఇందులో ఎక్కింపరాదనియే నా సలహా. ఆ వివరములు చేరునది మనవి కాని యంత్రములలో. 2023లో పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత దత్తాంశముల చట్టము 18 ఏండ్లు నిండనివారి వివరములకు ప్రత్యేక రక్షణ కల్పించినది.

క్రొత్తగా నేర్పదలచిన ఉపాధ్యాయులు మొదటి గంటలో ఫోన్లు తీయనీయకుండుట మంచిది. నేను పిల్లలకు ఒక తెల్లకాగితమిచ్చి, ప్రయోగశాల బీరువా తలుపు తీసి, ఇందులోనివానికి పట్టిక గీయుడందును. సగముమంది “స్క్రూగేజీలు, 12” అని వ్రాయుదురు. అప్పుడు మూడవ స్క్రూగేజిని చేతికిచ్చి, దీని శూన్యాంశ దోషము ఎచ్చట వ్రాయుదురో చూపుమందును. కొంతసేపు నిశ్శబ్దము. తరువాత ఎవరో ఒకరు రబ్బరు తీసికొందురు.

మా 12 స్క్రూగేజీలకు ఇప్పుడు ఎనామెల్ రంగుతో 1 మొదలు 12 వరకు అంకెలు వ్రాసియున్నవి. పట్టికలోని గుర్తులును అవియే. ఏడవదానిపై రంగు ఊడి అది ఒకటివలె కనబడుచున్నది. ఈ వారము మరల వ్రాయింపవలెను.